కరానిస్ వీధులు: గడపలను మింగిన మట్టిని పొర పొరగా చదవడం

రోమన్ వీధి అనగానే రాతి పలకలు, వాటి మీద బండి చక్రాలు కోసిన గాడులు, రెండు పక్కలా స్తంభాల వరుస గుర్తొస్తాయి. ఈజిప్టు పల్లెల్లో ఆ వైభవం లేదు. అక్కడ వీధంటే రెండు పచ్చి ఇటుక గోడల మధ్య మిగిలిన జాగా. దానికి తాపడం లేదు, కొలతా లేదు. ఒకచోట రెండు గాడిదలు ఎదురెదురుగా దాటిపోయేంత వెడల్పు, నాలుగు ఇళ్లు దాటాక ఎవరో గోడ ముందుకు జరిపి కట్టేసరికి మనిషి పక్కకు ఒదిగి నడవాల్సినంత ఇరుకు. తవ్వేవాడి కంటికి అక్కడ ఇసుక, బూడిద, పేడ, కుండపెంకులు తప్ప మరేమీ కనిపించవు. అందుకే చాలాకాలం పాటు వీధిని ఇళ్ల దాకా చేరడానికి తొలగించాల్సిన చెత్తగానే చూశారు. ఊరి కాలక్రమాన్ని ఒక వరుసలో పట్టి ఉంచేది ఆ చెత్తే. దాన్ని సరిగా చదవకుండా ఎత్తిపోస్తే ఎంత నష్టమో తెలుసుకోవడానికి ఫయూమ్‌లోని కరానిస్‌ను మించిన ఉదాహరణ లేదు.

కైరోకు నైరుతిగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, ఫయూమ్ పల్లపు నేలకు ఈశాన్యపు అంచున ఉంది ఈ ఊరు. ఇప్పుడు దాన్ని కోమ్ ఔషీమ్ అంటారు. కోమ్ అంటే అరబ్బీలో దిబ్బ. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అప్పుడు ఈజిప్టును ఏలుతున్న టాలమీ రాజులు ఫయూమ్‌లో కాలువలు తవ్వించి, కొత్తగా సాగులోకి వచ్చిన నేలను సైనికులకు పంచినప్పుడు వెలసిన ఊళ్లలో ఇదొకటి. క్రీ.పూ. 30లో దేశం రోమన్ల చేతికి వచ్చాక ఇంకా పెరిగింది. గోధుమ పండించి పన్ను కట్టే రైతులు, నౌకరీ ముగించుకుని వచ్చి స్థిరపడ్డ సైనికులు, గాడిదల మీద ధాన్యం తోలేవాళ్లు, పెద్ద పెద్ద ధాన్యాగారాలు, మొసలి దేవుళ్ల గుళ్లు – పెద్ద పల్లె అనొచ్చు, పట్టణం అనలేం.

ఆ దిబ్బ నడిబొడ్డు ఇప్పుడు లేదు. పాత ఊరి మట్టిలో నత్రజని ఎక్కువ కాబట్టి పంటకు బలం. మన పల్లెల్లో పాటిగడ్డ మీది పాటిమన్ను బండ్లకెత్తి చేలకు తోలినట్టే, అక్కడి రైతులు సెబఖ్ అనే ఈ మట్టిని తోలుకునేవాళ్లు. మన దగ్గర పాత ఊరి దిబ్బలు ఎన్నో ఎలా కరిగిపోయాయో తెలిసినవాళ్లకు అక్కడేం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే కరానిస్‌లో అది బండ్లతో ఆగలేదు. ఒక ఎరువుల కంపెనీ చిన్న రైలు పట్టాలు వేసుకుని మరీ ఊరి మధ్యభాగాన్ని మోసుకుపోయింది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం 1924లో ఇక్కడ దిగేనాటికి ఆ పని సాగుతూనే ఉంది. తాము తవ్విన మట్టిలో కొంత ఆ కంపెనీకి ఇస్తామని ఒప్పుకున్నాకే తవ్వకం కుదిరింది. పురావస్తు బృందం తీసే మట్టి ఎరువుగా అమ్ముడుపోవడం వినడానికి వింతగా ఉన్నా, ఆ ఒప్పందం లేకపోతే ఇవాళ మాట్లాడుకోవడానికి ఊరే మిగిలేది కాదు.

ఫ్రాన్సిస్ కెల్సీ అనే లాటిన్ ఆచార్యుడు ఈ పని తలపెట్టారు. సమాధుల మీద కాక, మామూలు జనం బతికిన ఊరి మీద దృష్టి పెట్టడం ఆ రోజుల్లో కొత్త. 1924 నుంచి 1935 దాకా 11 సీజన్లు తవ్వారు. మొదటి రెండూ జె.ఎల్. స్టార్కీ పర్యవేక్షణలో, మిగతావి ఈనాక్ పీటర్సన్ పర్యవేక్షణలో సాగాయి. అప్పటి చట్టం ప్రకారం దొరికిన వస్తువుల్లో వాటా విదేశీ బృందానికి దక్కేది. అందుకే మిషిగన్ విశ్వవిద్యాలయం ఉన్న ఆన్ ఆర్బర్‌లోని కెల్సీ మ్యూజియంలో కరానిస్ వస్తువులు 40 వేలకు పైగా ఉన్నాయి. ఈజిప్టు 1983లో తెచ్చిన చట్టంతో ఆ పంపకం దాదాపు ముగిసింది. ఇవాళ పెంకు ముక్క కూడా దేశం దాటదు. పరీక్షలు ఏవైనా అక్కడే జరగాలి.

వీధి ఎందుకు పెరుగుతుంది

ఇంట్లో నేలను ఊడుస్తారు, అలుకుతారు. ఊడ్చింది ఎక్కడికి పోతుంది? వాకిట్లోకి. పొయ్యి బూడిద, గాడిద పేడ, పగిలిన కుండ, తిన్న ఖర్జూరం గింజ, చదివి పారేసిన పపైరస్ (జమ్ములాంటి మొక్కతో చేసిన కాగితం) ముక్క, అన్నీ వీధిలోకే. పైగా ఎడారి అంచున ఉన్న ఊరు కాబట్టి గాలి రోజూ ఇంత ఇసుక తెచ్చి పోస్తుంది. పచ్చి ఇటుక ఇల్లు కూలితే ఆ మట్టిని ఎవరూ ఊరవతల పోయరు. చదును చేసి దాని మీదే కడతారు. వాన దాదాపు లేని చోట ఇదంతా కొట్టుకుపోయే దారి లేదు. ఇంట్లో నేల ఉన్నచోటే ఉంటుంది, వీధి మాత్రం లేస్తూ పోతుంది.

మన ఊళ్లలో పాత సిమెంటు రోడ్డు మీదే కొత్తది వేసిన ప్రతిసారీ ఇల్లు పల్లంలో పడి, వానాకాలం నీళ్లు గడప దాటి లోపలికొచ్చే సంగతి తెలిసిందే. కరానిస్‌లో వచ్చేది నీళ్లు కాదు, ఇసుక. జనం చేసింది ఏమిటో గోడల్లో కనిపిస్తుంది. ముందు గడప మీద ఇంకో వరుస ఇటుకలు పేర్చి ఎత్తు పెంచారు. తర్వాత గుమ్మం లోపలి వైపు కిందికి దిగే మెట్లు కట్టారు. అదీ చాలనప్పుడు పాత గుమ్మం మూసేసి పై అంతస్తు మట్టానికి కొత్త గుమ్మం పెట్టారు, కింది గదులు నేలమాళిగ అయిపోయాయి. గోడలు ఇంకా గట్టిగా ఉంటే వాటి మీదే పైకి లేపారు, లేకుంటే కింది గదులను చెత్తతో నింపి కొత్త ఇల్లు కట్టారు. ఒకే గోడలో మూడు నాలుగు ఎత్తుల్లో గుమ్మాల గుర్తులు కనబడితే, ఆ గోడ ముందున్న వీధి అన్నిసార్లు లేచిందని అర్థం.

ఒక గుమ్మం ముందు కోత

ఇలాంటి ఊళ్లలో గుమ్మం ముందు మీటరున్నర లోతు నిలువు కోత తీస్తే ఎదురయ్యే వరుస దాదాపు ఇలా ఉంటుంది. అన్నిటికన్నా అడుగున గోడ పునాది కోసం తవ్విన గాడి, ఆ గాడి కోసుకుంటూ పోయిన పాత పొర. ఆ పొరలో దొరికినదంతా గోడకన్నా ముందుది. గాడి మీదుగా వచ్చి గోడకు ఒరుసుకుని ఆగిన మొదటి పొర గోడ లేచాక వచ్చింది. ఈ రెండింటి మధ్యే ఇల్లు కట్టిన కాలం ఉంది. తవ్వకంలో అతి ముఖ్యమైన చోటు ఇదే. తొందరపడితే పోయేదీ ఇదే. పునాది గాడి వెడల్పు చాలాసార్లు జానెడు కూడా ఉండదు, లోపలి మట్టి రంగులో తేడా లీలగా తెలుస్తుంది. దాన్ని గమనించకుండా పారతో ఒక్క పెట్టు పెడితే రెండు కాలాల పెంకులు ఒకే గంపలో పడతాయి.

దాని పైన తొక్కుడు పొర. వేలి మందం కూడా లేని ముదురు పట్టీలు ఒకదాని మీద ఒకటి, మధ్యలో గడ్డి నలుసులు, పేడ. తాపీతో గీరితే మట్టి పొడిగా రాలదు, అట్టల్లాగా లేస్తుంది. పెంకులు చిన్నవి, అంచులు అరిగినవి, బల్లపరుపుగా పడుకుని ఉంటాయి. మనుషులూ పశువులూ నడిచిన నేల అంటే ఇదీ. దాని మీద శుభ్రమైన పసుపు ఇసుక పట్టీ వస్తే ఆ వీధిలో కొన్నాళ్లు నడక తగ్గిందని, లేదా ఒక పెద్ద గాలి తుపాను వచ్చిందని అనుకోవాలి. రెండింట్లో ఏది అన్నది ఆ పట్టీ ఎంత దూరం సాగిందో చూస్తేగానీ తేలదు. ఒక గోడ మూలన మాత్రమే ఉంటే గాలి పోసిన కుప్ప, వీధి పొడవునా ఉంటే ఆలోచించాల్సిన విషయం.

ఆపైన చెత్త పోసిన పొర. దీన్ని తొక్కుడు పొరతో కలిపేయడం తరచుగా జరిగే తప్పు. ఇక్కడ పెంకులు పెద్దవి, అంచులు పదునుగా ఉంటాయి, ఏటవాలుగా పడి ఉంటాయి, ఒకే కుండ ముక్కలు దగ్గర దగ్గరగా దొరికి అతుక్కుంటాయి. పొర ఒక పక్కకు వాలి ఉంటుంది. ఆ వాలు ఏ గుమ్మం వైపు నుంచి మొదలైందో చూస్తే చెత్త పోసింది ఏ ఇంటివాళ్లో కొంతవరకు చెప్పొచ్చు. చివరగా ఇటుక పెళ్లలు, కాలిన దూలాల ముక్కలు, పూత పెచ్చులు కలిసిన కూలుడు మట్టి. అది వచ్చిందంటే పక్క ఇల్లు ఖాళీ అయిందన్నమాట.

కంప్యూటర్ రికార్డులు వచ్చినా, లేజర్ కొలతలు వచ్చినా, పొరకు ఒక నంబరు, ఒక పత్రం, పైపొర ఏది కింది పొర ఏది అన్న గొలుసు పటం, ఈ మూడూ లేకుండా వీధి తవ్వకం లేదు. ఆ గొలుసు పటాన్ని 1973లో రూపొందించిన పురావస్తు శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హారిస్ పేరుతో హారిస్ మ్యాట్రిక్స్ అంటారు. మిషిగన్ వాళ్ల కాలానికి అది లేదు.

ఎ, బి, సి పొరలతో వచ్చిన చిక్కు

మిషిగన్ బృందం ఊరంతటికీ కలిపి పైనుంచి కిందికి ఎ, బి, సి, డి, ఇ అని పొరలు పెట్టుకుంది. ఇంటి నంబరు ముందు పొర అక్షరం చేర్చారు, వీధికి ఇంకో అక్షరం కలిపి నంబరిచ్చారు. ప్రతి వస్తువుకూ సీజను, ఇల్లు, గది రాశారు. ఆ రోజులకు అది మెచ్చుకోదగ్గ క్రమశిక్షణ. అంతకుముందు అదే ఊళ్లో పపైరస్ కోసం తవ్వినవాళ్లు ఏది ఎక్కడ దొరికిందో ఇంత వివరంగా రాయలేదు.

అసలు చిక్కు ఆ అక్షరాల్లోనే ఉంది. అవి మట్టి పొరలు కావు, ఇళ్ల వరుసలు. ఒక చోట ‘సి’ ఇల్లు ఇంకో చోటి ‘సి’ ఇంటికి సమకాలీనమని ఎత్తును బట్టి అనుకున్నారు. దిబ్బ మీద నేల ఎక్కడా సమంగా ఉండదు. ఒక వీధి ఈ చివర పెంటకుప్ప వల్ల రెండు మీటర్లు లేచి ఉండొచ్చు, ఆ చివర అర మీటరే లేచి ఉండొచ్చు. ఒక ఇల్లు రెండు పొరల కాలం పాటు వాడుకలో ఉండొచ్చు. ఆ సంగతి వాళ్లకూ తెలుసు, అందుకే కొన్ని ఇళ్లకు రెండు అక్షరాలు కలిపి రాశారు. ఇంటి విషయంలో గది గోడలైనా హద్దుగా ఉంటాయి. వీధికి ఆ హద్దూ లేదు. ఒక పెంకు ఫలానా వీధిలో దొరికిందని రాస్తే, ఆ వీధి పొడవునా ఎక్కడైనా, ఏ లోతులోనైనా కావచ్చు. ఊరి పటం అద్భుతంగా తయారైంది కానీ వీధుల కాలక్రమం ఆ గంపల్లోనే కలిసిపోయింది.

దీని ఫలితం ఊరి మరణ తేదీ మీద పడింది. కరానిస్ 5వ శతాబ్దం మధ్య నాటికి ఖాళీ అయిందని తొలి నివేదికలు చెప్పాయి. 1998లో నైజెల్ పొలార్డ్ అనే పరిశోధకుడు మ్యూజియంలోని కుండపెంకులను తిరిగి పరిశీలించి, జనం అంతకన్నా తర్వాత కూడా అక్కడ ఉన్నారని వాదించారు. 2000ల మధ్య నుంచి అమెరికా, నెదర్లాండ్స్ విశ్వవిద్యాలయాల బృందం మళ్లీ అక్కడ తవ్వినప్పుడు దొరికిన ఆధారాలూ అటే మొగ్గాయి. పైపొరలే ముందుగా ఎరువుకు పోయిన ఊళ్లో చివరి తరాల జాడ చెరిగిపోవడం సహజం. మిగిలిన కొద్ది జాడను పట్టుకోవాల్సింది వీధుల్లోనే.

నాణేలు ఇంకో ఉచ్చు. కరానిస్‌లో 27 వేల దాకా నాణేలు దొరికాయి. అన్ని నాణేలుంటే తేదీ చెప్పడం సులువనిపిస్తుంది. కానీ నీరో చక్రవర్తి (54–68) కాలంలో అలెగ్జాండ్రియా టంకశాల కుప్పలు తెప్పలుగా కొట్టిన టెట్రాడ్రాక్మా అనే నాణేలు 3వ శతాబ్దంలో కూడా చేతులు మారుతూనే ఉన్నాయి. 296 ప్రాంతంలో డయొక్లీషియన్ చక్రవర్తి నాణేల వ్యవస్థను మార్చేదాకా ఆ రకం చలామణిలో ఉంది. కాబట్టి తొక్కుడు పొరలో నీరో నాణెం దొరికితే ఆ పొర నీరో కాలానికన్నా ముందుది కాదని మాత్రమే రుజువవుతుంది. ఎంత తర్వాతదో నాణెం చెప్పదు. మంచి తవ్వకందారు ఒక్క నాణెం మీద కాక, పొరలోని అన్నిటికన్నా కొత్త వస్తువు మీద లెక్క కడతాడు. ఎలుక బొరియల గుండా, సెబఖ్ గుంటల గుండా పైనుంచి జారిందేమో చూసుకున్నాకే దాన్ని కూడా నమ్ముతాడు.

రాతల విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. కరానిస్‌లో సి/బి 167 అని నంబరిచ్చిన ఇంట్లో మెట్ల కింద ఉత్తరాల కట్ట ఒకటి దొరికింది. 2వ శతాబ్దం తొలినాళ్లవి. క్లాడియస్ టైబీరియానస్ అనే సైనికుడికి టెరెంటియానస్ అనే యువకుడు రాసినవే వాటిలో ఎక్కువ, కొన్ని గ్రీకులో, కొన్ని లాటిన్‌లో. ఒక ఉత్తరంలో అతను కోళ్ల గంపలో పెట్టి పంపిన సామాను జాబితా ఉంది: గాజు పాత్రలు, ఆరు జతల గ్లాసులు, రాసుకోవడానికి పపైరస్, సిరా, ఐదు కలాలు, అలెగ్జాండ్రియా రొట్టెలు ఇరవై. కట్టగా, ఒక ఇంట్లో, మెట్ల కింద దాచి ఉన్నాయి కాబట్టి ఇవి ఆ ఇంట్లో ఉన్న మనిషి కాగితాలని ధైర్యంగా అనగలుగుతున్నాం. గాజు గ్లాసుల జాబితా ఉన్న ఆ ముక్క ఒక్కటే వీధి చెత్తలో దొరికి ఉంటే? పక్కింటిది అనడానికి లేదు, ఎదురింటిది అనడానికీ లేదు. వీధిలో దొరికిన ఉత్తరాన్ని దగ్గర్లోని గుమ్మానికి అంటగట్టడం చదవడానికి బాగుంటుంది గానీ ఆధారం కాదు.

చెత్త ఒకచోటి నుంచి ఇంకోచోటికి ప్రయాణిస్తుంది కూడా. ఈజిప్టు పశ్చిమ ఎడారిలోని దఖ్లా ఓయాసిస్‌లో, అమ్హీదా అనే చోట 4వ శతాబ్దపు సెరెనోస్ అనే వ్యక్తి ఇంటి నేల అడుగున నింపుడు మట్టిలో రాత పెంకులు బోలెడు దొరికాయి. అవి ఆ ఇంటివాళ్లవి కావు. అంతకుముందు అక్కడ పోగైన చెత్తను చదును చేసి పైన ఇల్లు కట్టారు. కరానిస్‌లో ఒక వీధి పెంట ఇంకో ఇంటి పునాది నింపడానికి పోలేదని ఎవరనగలరు?

చేతిపని

వీధి తవ్వడానికి ట్రెంచ్‌ను, అంటే తవ్వే గుంతను, అడ్డంగా, రెండు పక్కల గోడలనూ తాకేలా వేయాలి. గోడను తాకని ట్రెంచ్‌తో పొరకూ ఇంటికీ సంబంధం తెలియదు కాబట్టి ఆ శ్రమ సగం వృథా. ట్రెంచ్‌లో ముందు ఒక సగం తవ్వి, రెండో సగాన్ని ఆనవాలుగా ఉంచి, కోత ముఖం చూసుకుంటూ దాన్ని తర్వాత తీయాలి.

పెద్ద ప్రమాదం గోడ కూలడం. శతాబ్దాలుగా గది లోపలి మట్టి ఒక పక్క నుంచి, వీధి మట్టి ఇంకో పక్క నుంచి గోడను నిలబెట్టాయి. ఒక పక్క మాత్రమే ఖాళీ చేస్తే రెండో పక్క బరువు గోడను తోసేస్తుంది. గోడల మధ్య కట్టుగా పెట్టిన కొయ్యలు చెదలు తిని బోలుగా మారి ఉంటే మరీ త్వరగా పడుతుంది. గదినీ వీధినీ దశలవారీగా, రెండు వైపుల మట్టాల తేడా అర మీటరు దాటకుండా దింపుకుంటూ రావడం మేలు. ఒట్టి గాలి ఇసుకలో నిలువు కోత నిలవదు, సుమారు 34 డిగ్రీల వాలుకు జారి ఆగుతుంది. అక్కడ పటం కోసం నిటారు గోడ తీయాలని మొండికేస్తే పటమూ పోతుంది, కింద ఉన్న మనిషికీ ముప్పు. మెట్లు మెట్లుగా దిగి, కోతను ముక్కలుగా గీసి, కాగితం మీద కలుపుకోవాలి. ఎంతదాకా దిగొచ్చో చెప్పడంలో రయీస్ మాటకు విలువెక్కువ. రయీస్ అంటే కూలీల మీద మేస్త్రీ. ఎగువ ఈజిప్టులోని ఖిఫ్త్ ఊరివాళ్లు 1890ల నుంచి తరతరాలుగా ఈ పని చేస్తున్నారు. ఇసుక ఎప్పుడు జారుతుందో వాళ్ల పారకు ముందే తెలుస్తుంది.

తవ్విన మట్టినంతా 5 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాలి. తొక్కుడు పొరల నుంచి పది, ఇరవై లీటర్ల చొప్పున నమూనా పక్కకు తీసి సన్నని జల్లెడ పట్టాలి. గింజలు, పొట్టు, చేప ముళ్లు, పూసలు అందులోనే తేలతాయి. ఇక్కడ నీళ్లు వాడొద్దు. తడి నేలల తవ్వకాల్లో మట్టిని నీళ్లలో కలిపి, తేలిన బొగ్గుగింజలను తీస్తారు. ఎడారిలో గింజలు కాలి మిగిలినవి కావు, ఎండి మిగిలినవి. నీళ్లు తగలగానే ఉబ్బి చిట్లిపోతాయి. సిరా రాత ఉన్న పెంకును కూడా అలవాటుగా నీళ్లలో కడిగితే రాత పోతుంది. కాబట్టి ప్రతి పెంకునూ రెండు వైపులా ఎండలో తిప్పి చూశాకే కడుగుడు తొట్టిలోకి వెళ్లనివ్వాలి.

పపైరస్ కనిపిస్తే తాపీ పక్కన పెట్టి మెత్తని కుంచె తీసుకోవాలి. గాలికి అడ్డంగా ఒక మనిషి నిలబడాలి, ఎందుకంటే మట్టి పట్టు వదిలిన ముక్క ఒక్క విసురుకు ఎగిరిపోతుంది. చుట్టను విప్పే ప్రయత్నం అక్కడ చేయకూడదు. కింది మట్టితో సహా ఎత్తి పెట్టెలో పెట్టి, లోతు, పొర నంబరు రాసి పంపితే, ప్రయోగశాలలో నెమ్మదిగా తేమ పట్టించి విప్పుతారు.

సీజను ముగిశాక వీధిని తెరిచి ఉంచడం తగదు. ఫయూమ్‌లో వాన అరుదే కానీ ఒక్క జల్లు చాలు, పచ్చి ఇటుక పాకం అయిపోతుంది. కింది నుంచి ఉప్పు లేచి గోడ అడుగును తినేస్తుంది. గుమ్మాలకూ మెట్లకూ బట్ట కప్పి, జల్లెడ పట్టిన మట్టితోనే తిరిగి నింపేస్తారు. నింపేముందు చాలామంది తవ్వకందారులు చేసే పని ఒకటుంది. తాము ఆగిన మట్టం మీద ఆ ఏడాది ముద్రించిన నాణెం ఒకటి వేస్తారు. వందేళ్ల తర్వాత ఇక్కడికి దిగినవాడికి, ఈ మట్టి ఫలానా ఏడాదికన్నా ముందు నింపింది కాదని ఆ నాణెం చెబుతుంది.